బకెట్లో గేర్లు

బావగారికి,

నా షెడ్డులో జీపు గేర్‌బాక్స్ విప్పి, ఊడినవి ఊడిన వరసలోనే పాత దుప్పటి మీద పేర్చి, నేను ఆయిలు కారకుండా వేసే సీళ్లు కొనడానికి వెళ్లాను. వచ్చేసరికి మీరు అన్నింటినీ ఒకే బకెట్లో వేసి కిరసనాయిలుతో కడిగేశారు. "ఎలా తళతళలాడుతున్నాయో చూడు బామ్మర్దీ!" అన్నారు. అప్పుడు నోరు తెరిస్తే తిట్టేవాణ్ణే. అందుకే రాస్తున్నాను.

ఏ వాషరు ఏ గేరు పక్కదో ఇప్పుడు ఒక్కొక్కటీ బిగించి, తిప్పి చూసుకోవాలి. పొరబడితే దిగుడులో గేరు జారిపోతుంది. అక్కకు నెలలు నిండాయి. మీ కొండదారి ఎక్కే బండి ఈ జీపొక్కటే.

దీనికోసం ఆగకండి. రేపే అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు కలిసి మోసి కొండ కిందికి దించండి. ముందువైపు మీరే పట్టండి. కాన్పయ్యేదాకా మీరూ మా ఇంట్లోనే ఉండండి. షెడ్డు గడప మాత్రం తొక్కకండి.

మీ బావమరిది