అవ్వకు ఏ బట్టలు

ఫిబ్రవరి 3, జనగామ
కథ మళ్లీ చదివాను. తండా అవ్వ మిరప బస్తాలతో కేసముద్రం మార్కెట్‌కు పోతుంది, బస్తాల మీదే కునుకు తీస్తుంది, కలలో ఊళ్లన్నీ తిరిగొస్తుంది. పిల్లల పుస్తకం, బొమ్మలు నేను వేయాలి. చదువుతుండగానే అవ్వ నడక కనిపించింది. నాకెప్పుడూ నడకే ముందు.

ఫిబ్రవరి 4
రోజంతా పెన్సిలే. రబ్బరు ముట్టలేదు.

ఫిబ్రవరి 7
గీత కుదిరింది. సాఫీగా సాగే గీత కాదు — తెగి, మళ్లీ అందుకునేది. చిన్నప్పుడు యాడి ఒళ్లో పడుకుని ఆమె రవికె అంచున చూసిన కుట్టు అట్లాగే ఉండేది. సూది మునుగుతుంది, తేలుతుంది. కాలేజీలో దీన్ని పూర్తికాని గీత అన్నారు. ఇప్పుడు అదే కావాలని అడిగి వేయించుకుంటున్నారు.
కుంచె పట్టు మాత్రం యాకూబన్నది. ఫ్లెక్సీలు రాకముందు ఇక్కడి దుకాణాల బోర్డులన్నీ ఆయనే రాసేవాడు. "మణికట్టుతోని గీస్తే అక్షరం వణుకుతది చెల్లె, మోచేతితోని గియ్యి." ఇవాళ్టికీ మోచేతితోనే.

ఫిబ్రవరి 12
హైదరాబాద్ నుంచి ఎడిటర్ శైలజ గారి ఫోన్. చిత్తు బొమ్మలు బాగున్నాయట. కానీ...
"అవ్వ మామూలు చీరలో ఉందేంటి అనితా? అద్దాల బట్టలు, చేతినిండా గాజులు ఉంటేనే కదా లంబాడీ అని పిల్లలకు తెలిసేది."
మా తండాలో రోజూ అవి ఎవరూ కట్టడం లేదన్నాను. మా యాడే చీర కడుతుందన్నాను.
"యాడి అంటే?"
అమ్మ.
"ఆలోచించండి" అన్నారు.
ఆలోచించేదేం లేదు. క్యాలెండర్ బొమ్మ గీయను.

ఫిబ్రవరి 13
చీరకే రంగు వేశాను. నీలం పాలిస్టర్, భుజాన తువ్వాల. ఎప్పుడు బాగా వస్తుందో నాకు తెలుసు. ఇది వచ్చింది.

ఫిబ్రవరి 16, తండా
ప్యాసింజర్‌లో కేసముద్రం, అక్కణ్నుంచి ఆటో. నడుము వంపు చూసి గీయాలని యాడిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. కల్లంలో మిరపకాయలు ఏరుతూనే కూర్చుంది. గీస్తూ ఫోన్ సంగతి చెప్పాను, ఎట్లా ఒప్పుకోలేదో కూడా. మెచ్చుకుంటుందనుకున్నాను.
ఏరడం ఆపింది. అడిగింది మా భాషలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నా.
"ఆమె అద్దాల పేటియా గియ్యమంటే నువ్వెందుకు వద్దన్నవ్?"
నువ్వు కట్టవు కదా యాడీ.
"ఇష్టమై ఇడిశిపెట్టిననుకున్నవా? బస్సుల అందరు నన్నే చూసుడు. కూలికి పోతే నవ్వుడు. యాష్టకొచ్చి చీర కట్టిన." మళ్లీ ఒక కాయ అందుకుని, "పుస్తకంల నన్నెవలు నవ్వుతరు?"
పెన్సిల్ ఆగిపోయింది. నేను శైలజ గారితో పోట్లాడింది యాడి కోసమనుకున్నాను. యాడిని ఒక్క మాట అడగలేదు.

ఫిబ్రవరి 17
యాడి తన పాత పేటియా ఉన్న పెట్టె దింపించింది. కట్టుకుంది. రవికె బిగుతైతే తనే నవ్వుకుంది. కల్లంలో అటూ ఇటూ నడిచింది — పేటియా కుచ్చిళ్ల బరువు ముందు తిరుగుతుంది, అడుగు ఆ తర్వాత పడుతుంది. నేను గీసిన నడక చీరది. మొత్తం మళ్లీ గీయాలి.
గీస్తాను. చేయి ఉరకలేస్తోంది.

ఫిబ్రవరి 24, జనగామ
సగం పేజీలయ్యాయి. అద్దాలను మెరవనివ్వడం లేదు. కొన్ని ఊడిపోయి, ఆ చోట దారమే మిగిలింది. అంచుకు మిరప దుమ్ము. కాళ్లకు ప్లాస్టిక్ చెప్పులు. పండక్కి వేసుకున్నవి కావు, పనికి కట్టిన బట్టలు. ఇంతవరకూ వేసిన వాటిలో ఇదే మంచి పని.

మార్చి 1
పంపాను. వెంటనే ఫోన్. "చూశారా, నేను చెప్పలేదూ?"
నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. మీరు చెప్పినందుకు కాదు మేడం, మా అమ్మ అడిగినందుకు, అన్నాను. ఏమడిగిందో కూడా చెప్పాను. అంతా విని ఆవిడ మెల్లగా —
"ఊడిన అద్దాలు మాత్రం సరిచేస్తారా? పాతగా కనిపిస్తోంది."
చేయనన్నాను.
"పైవాళ్లతో మాట్లాడి చెబుతా."

మార్చి 4
ఫోన్ లేదు. నా వైపు నుంచి నేనూ చేయలేదు.

మార్చి 6, తండా
ప్రింట్లు తీసి యాడికి చూపించాను. మంచం మీద పరుచుకుని ఒక్కొక్కటీ చూసింది. పేటియా అంచు మీద వేలితో తడిమింది, కుట్టు వెతుకుతున్నట్టు. నచ్చిందా అని అడగలేదు. నచ్చింది, తెలుస్తూనే ఉంది.
చివరి బొమ్మ చేతిలోనే ఉంచుకుంది.
"గీమె నేను కాదు."
మరి?
"మా యాడి."
అమ్మమ్మను నేను చూడలేదు. ఒక్క ఫొటో కూడా లేదు. యాడి బొమ్మను వెలుతురుకు తిప్పింది.
సంచిలోంచి కొత్త కాగితం తీశాను. ముక్కు ఎట్లుండేది, అని అడిగాను.
కళ్లు మూసుకుంది. పెన్సిల్ పట్టుకుని చూస్తున్నాను.