పుదీనాకి పగలు

తమ్ముడూ,

నువ్వూ మరదలూ చల్లగా ఉండాలని రోజూ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. ఫోన్లో అయితే ఇల్లంతా వింటుందని రాస్తున్నాను.

మతి తప్పిన మా అత్తగారు కిటికీలోంచి దిగబోయినప్పుడు మీ బావ కిటికీలన్నిటికీ చెక్కలు కొట్టించారు కదా. ఆ చీకట్లో నా కుండీలో పుదీనా పాలిపోతుంటే, నువ్వు పంపిన ఎల్ఈడీ పట్టీలతో దీపం చేశాను. మొదట అట్టకి అంటించాను, వేడికి ఊడిపోయాయి. తర్వాత నువ్వు చెప్పినట్టే అల్యూమినియం పళ్ళేనికి అంటించి, ఎర్ర తీగకి ఎర్రది, నల్లదానికి నల్లది కలిపాను. వారానికే చిగుళ్ళు వచ్చాయి.

చిత్రమేమంటే, రోజంతా తలుపు బాదే అత్తగారు ఇప్పుడు దాని ముందు కూర్చుని, "తెల్లారిపోయింది, ఇంకా కాఫీ పెట్టలేదేమే?" అని నవ్వుతున్నారు.

అది చూసి మీ బావ, "నీ చేతిలోనే మందుంటే ఇంక ఆయా దేనికి?" అని, వచ్చే నెల రావాల్సిన మనిషిని వద్దనేశారు. ఆవిడ వస్తేనే కదా నేను మీ ఇంటికి పది రోజులు రాగలిగేది. నేను గడప దాటి ఏడు నెలలైంది.

నిన్న ఎవరూ చూడకుండా ఎర్ర తీగ పీకేశాను. అత్తగారు చేతులు కందిపోయేలా తలుపు బాదారు. గంటసేపు విన్నాను. దేవుడికి క్షమాపణ చెప్పుకుని మళ్ళీ కలిపేశాను.

దీపం ఎలా ఉందో చూడ్డానికి వస్తానన్నావు. దీపం బాగానే ఉంది. నువ్వు నాకోసం రా.

అక్క