శబ్దం చదువు, బిడ్డా

మోత్కూరు, 1998

సులోచనకు అవ్వ దీవెనలు. ఈ ఉత్తరం రబియా టీచర్‌తో రాయిస్తున్నాను.

కంప్యూటర్ కొలువు చేస్తూనే ఫిజిక్సు నేర్చుకుంటానని, వెలుగా, వేడా, శబ్దమా తేల్చుకోలేకపోతున్నానని రాశావు. ఇందులో ఆలోచించేదేముంది? శబ్దం చదువు.

భీవండి మరమగ్గాల మోతకు మీ తాత చెవులు పోయాయి. అప్పటి నుంచి ఆయనతో ఏం చెప్పినా అరిచే చెప్పాను. ఊరంతా నన్ను గయ్యాళి అంది. అననీ! చివరిరోజు దవాఖానలో నా చెయ్యి పట్టుకుని, "ఏమన్న మాట్లాడవే" అన్నాడు. నాకూ చెప్పాలనే ఉంది. కానీ వార్డంతా వినేటట్టు ఆ మాట ఎట్లా అరవను? "జర పండుకో" అని మాత్రం అరిచాను.

మోత చెయ్యని మగ్గం ఎట్లా తయారుచెయ్యాలో నేర్చుకో బిడ్డా. ఆ భీవండి మగ్గాల షెడ్లలో ఇంకా ఎందరి మొగుళ్లో ఉన్నారు.

మీ అవ్వ