కాకి ఒలకబోసిన కషాయం

పైలోక డివిజన్‌కి ట్రాన్స్‌ఫరైన రిటైర్డ్ రైల్వే గార్డు మా తాతకి, మనవడు భయభక్తులతో రాసుకున్నది.

తాతా, నీ లివరు కోసం నాన్నమ్మ కాచిస్తే నువ్వు రోజూ దొంగచాటుగా క్రోటన్ కుండీలో పోసేసేవాడివే, ఆ నేలవేము మీదే ఇప్పుడు నా రీసెర్చి. ఇక్కడి ల్యాబ్‌లో దాన్ని కాల్‌మేఘ్ అంటారు. పేరు మారినా చేదు మారలేదు. ఆ చేదు లివరు వాపును తగ్గిస్తుందా, తగ్గిస్తే ఎలా అని ఎలకల్లో చూస్తున్నాం. అవీ నీలాగే మూతి తిప్పుకుంటాయి. కాకపోతే వాటికి గొట్టంతో పోస్తాం. ఆ సదుపాయం నాన్నమ్మకి లేకపోయింది.

ఈ సంగతి చెప్పిన దగ్గర్నుంచి నాన్నమ్మది ఒకటే మాట. "నేను గట్టిగా తాగించుంటే మీ తాత బతికుండునేటిరా?"

"ఎలకల సంగతే ఇంకా తేలలేదు నాన్నమ్మా, మనుషుల సంగతి నాకేటి తెలుసు?" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

నిన్న నీ సంవత్సరీకం. ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో మనింటి గోడ మీద కాకికి గారెలు పెట్టినాం. నాన్నమ్మ పక్కనే గ్లాసుడు కషాయం పెట్టింది. "ఇప్పుడైనా తాగుతాడేమో సూద్దాం."

కాకి వచ్చి గారె తింది. గ్లాసులో ముక్కు ముంచి, తల విదిలించి, గ్లాసును తోసేసింది. కషాయమంతా కిందున్న క్రోటన్ కుండీలో పడింది.

నాన్నమ్మ ఏడాది తర్వాత పగలబడి నవ్వింది. "ఈయనేరా! నేను పోస్తే మాత్రం తాగేవోడేటి!"

నా ల్యాబ్ తేల్చలేనిది నువ్వు తేల్చేసినావు తాతా. క్రోటన్ నిగనిగలాడుతోంది. మనింట్లో కోర్సు పూర్తిగా వాడింది అదొక్కటే.