వాసన పట్టిన లైటు

అమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఆ సాయంత్రం త్రిపురారంలో కరెంటు పోతే, గ్యాస్ లీకైందని తెలియక నువ్వు కొవ్వొత్తి వెలిగిద్దామని అగ్గిపుల్ల గీశావు. అప్పటి నుంచి మా ఇంట్లో కొవ్వొత్తులే ఉంచలేదు. మొన్న మా ఆయన కోదాడ నుంచి ఒక ఎమర్జెన్సీ లైటు తెచ్చాడు. గ్యాస్ లీకైతే అదే అరుస్తుందట. "గింత లైటుకు గ్యాస్ ఎట్ల తెలుస్తది?" అని నవ్వాను.

నిన్న వాన మొదలవగానే ఇక్కడ మిర్యాలగూడలో కరెంటు పోయింది. పాలు కాచుదామని ఆ లైటు పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, సిలిండర్ పక్కన నేల మీద పెట్టాను. తెల్లటి వెలుగు ఒక్కసారిగా ఎర్రబడి, లైటు కీచుమని అరవసాగింది. జలుబు వల్ల నాకు ఏ వాసనా తెలియలేదు. లైటర్ నా చేతిలోనే ఉంది.

"స్టవ్ ముట్టియ్యకు! బయటికి రా!" అంటూ మా ఆయన పరుగున వచ్చాడు. రెగ్యులేటర్ కట్టేసి కిటికీలన్నీ తెరిచాడు. గ్యాస్ పైపును ఎలుక కొరికింది.

కాసేపటికి అరుపు ఆగి, వెలుగు మళ్లీ తెల్లబడింది. ఇద్దరం దాని ముందు చతికిలబడ్డాం.

"మనిషి కన్నా ముందే పసిగట్టింది సూడు," అన్నాడాయన.

అరచేతిలో పట్టే ఆ వస్తువును ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమిరాను.

రేపు నీ సంవత్సరీకానికి వస్తూ అట్లాంటిదే ఇంకొకటి తెస్తున్నానమ్మా. నీ వంటింట్లో ఇప్పుడు వదిన వండుతున్నది.

నీ బిడ్డ