తలుపు మీద ఉన్నది తుప్పు కాదు, కుంకుమ

సర్జాపుర, బెంగళూరు.

వాహన బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వ్యాను ఎడమ తలుపుకు తగిలిన కొత్త దెబ్బను పాత దెబ్బగా లెక్కకట్టుట, మరియు ఒక తడిగుడ్డకు అనుమతి కోరుట గురించి.

పాపక్క అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. వ్యాను నా పేరున ఉన్నది. తోలేది నా ఆఖరి తమ్ముడు ఓబులేష్. బొమ్మసంద్ర ఫ్యాక్టరీకి ఆడపిల్లలను తీసుకుపోయి, తీసుకువస్తాడు. ఆయుధపూజకు ముందురోజు నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తూ ఎడమ తలుపును నొక్కి, పక్క అద్దమును విరిచినది. మనుషులకు ఏమీ కాలేదు. దేవుడు చూసుకున్నాడు.

2. వెంటనే తమకు తెలిపి, వ్యానును ఫయాజ్ గ్యారేజీలో నిలిపితిమి. మరునాడు పండుగ. దెబ్బ తిన్నదని బండికి పూజ మానుకొనుట మా ఇంట లేదు. అక్కడికే పోయి విభూతి పట్టెలు, కుంకుమ బొట్లు పెట్టితిని. రాలిపోకుండా కుంకుమను నూనెలో కలిపితిని. సొట్టల మీద ఎక్కువ పెట్టితిని.

"ఇంత ఏమిటికక్కా?" అన్నాడు ఓబులేష్.

"దెబ్బ ఉండే చోటే కదప్పా మందు పెట్టేది" అన్నాను.

3. తమ సర్వేయరు గిరిధర్ గారు రాలేదు. ఫోనులో వీడియో చూచి, కుంకుమను తుప్పుగాను, విభూతిని సొట్టలు పూడ్చే పాత పుట్టీగాను నిర్ణయించి, తలుపు దెబ్బ పాతది, అద్దమునకు మాత్రమే పరిహారము అని నివేదిక ఇచ్చినారు. పుట్టీని మూడు వరుసలుగా, నడుమ బొట్టుతో ఎవరు పూస్తారో నివేదికలో లేదు.

4. వీడియోలోనే నేను చెప్పితిని.

"అది కుంకుమ నాయనా."

"స్క్రీన్‌లో తుప్పే కనిపిస్తోంది మేడం."

"తుడిచి చూపిస్తా, ఉండప్పా."

"ముట్టుకోకండి మేడం. డ్యామేజీని మార్చారని రాయాల్సి వస్తుంది."

ముట్టుకోలేదు. ఫయాజ్ అప్పటికే గుడ్డ తడిపి పట్టుకొని ఉండెను. దాన్ని పిండి ఆరవేసినాడు.

5. ఇక్కడ కలం పెట్టేసి కాసేపు జపం చేసుకున్నాను. కోపముతో రాయకూడదని.

6. ఆడపిల్లలు రెండు బస్సులు మారి పోతున్నారు. వారిలో మునిలక్ష్మి నిన్న ఇంటికి వచ్చింది. "సోమవారం దాకా చూస్తాము పాపక్కా. ఆ పైన వేరే బండి మాట్లాడుకుంటాము. ఏమీ అనుకోవద్దు" అన్నది. ఏమనుకుంటాను. వాళ్ళు పోతే ఓబులేష్‌కు వేరే పని లేదు. రోజూ గ్యారేజీకి పోయి, ఆ వ్యానులో కూర్చొని వస్తున్నాడు. అన్నం సరిగా తినడు. కుంకుమ పెట్టింది నువ్వే కదా అని ఒక్క మాట అనడు. అంటే బాగుండును.

కావున, గిరిధర్ గారిని సోమవారం లోపల గ్యారేజీకి పంపి, వారి కళ్ళ ఎదుట తలుపు తుడుచుటకు అనుమతించి, కింద తుప్పు ఉంటే తమ మాటే నిలుపుకొని, లేనిచో దెబ్బ కొత్తదని తిరిగి లెక్కకట్టవలెనని ప్రార్థించుచున్నాను. గుడ్డ, బకెట్టు మావే.

ఇంతవరకు తుడవకుండా ఓర్చుకొన్న తమ విధేయురాలు,
పాపక్క

తా.క. ఫయాజ్‌కు ఇది చదివి వినిపించితిని. "శుక్రవారం మాత్రం ఆ సర్వేయరును పిలవద్దక్కా. నేను నమాజుకు పోతా. ఆ టైముకు నువ్వు మళ్ళీ కుంకుమ తీసుకొని వస్తావు" అన్నాడు.

వస్తాను.