పెట్టెలో నీ కవాతు

యాదగిరీ,

నువ్వు పోయాక వచ్చిన మొదటి పంద్రాగస్టు ఇది. మన తాండూరు బడికి డ్రిల్లు మాస్టరు లేని లోటు హెడ్మాస్టరు తీర్చేశాడు. నిరుడు కవాతు ఆజ్ఞలన్నీ నీచేత వరసగా చెప్పించి టేపు రికార్డరులో పట్టించాడు గదా, ఆ పెట్టెను జెండా కర్ర పక్కన కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశాడు. నీ ఫొటోకు వేయలేదు, పెట్టెకే వేశాడు.

"ఇగ డ్రిల్లు మాస్టరెందుకు?" అని వారం నుంచీ ఒకటే గొప్పలు. పిల్లలకు మాత్రం గట్టిగా చెప్పాడు: "పెట్టె చెప్పిందే చెయ్యుండ్రి. మధ్యల నేను చెప్పినా వినొద్దు."

ఈ ఉదయం జెండా ముడి ఊడలేదు. నువ్వుంటే అది ఊడేదాకా ఆగేవాడివి. పెట్టెకు కళ్లెక్కడివి? టైముకు "సెల్యూట్" అంది. బడంతా ఆ గుడ్డమూటకు సెల్యూట్ కొట్టింది.

పెట్టెను ఆపబోయిన హెడ్మాస్టరు మహానుభావుడు దాని తీగకే తట్టుకుని పడ్డాడు. పెట్టె కూడా పడింది, టేపు తెగింది.

లేచి, మట్టి దులుపుకుంటూ, "చేతులు దించుండ్రి" అని అరిచాడు. ఒక్కరూ దించలేదు. ముందు వరసలో ఉన్న పిల్ల చెయ్యి నుదుటి మీద నుంచి తీయకుండానే, "పెట్టె చెప్పలే సార్" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వేవాణ్ణే. కానీ నా చెయ్యీ నుదుటి దగ్గరే ఉంది. దించమని నువ్వు చెప్పలేదు మరి.